చప్పిడి పథ్యం

ఆత్మకూరు,
ఫిబ్రవరి 18

లక్ష్మీ,

నువ్వూ మా తమ్ముడూ క్షేమంగా ఇల్లు చేరారని బస్సు డ్రైవరు సురేంద్రబాబు చెప్పాడు. ఫోను ఉంటే ఈ జాబు అవసరమే ఉండేది కాదు. జబ్బు ముదిరినప్పుడు తమ్ముడు నీ ఫోను బావిలో పారేశాడు. ఇప్పటికీ ఎక్కడ ఫోను మోగినా బెదురుతున్నాడంటే, ఇంకొకటి కొనమని నేను చెప్పను. సురేంద్రబాబు రోజూ ఉదయగిరి వచ్చి పోతూనే ఉంటాడు. ఆయన చేతికిస్తే సాయంత్రానికి నాకు అందుతుంది.

మిమ్మల్ని పంపించిన రోజు నీతో రెండు నిమిషాలు కూర్చోలేకపోయాను. మా క్లినిక్‌కి మానసిక వైద్యుడు వారానికి ఒక్కరోజే వస్తాడు. ఆ ఒక్కరోజు తొంభై మంది వస్తారు, నర్సును నేనొక్కదాన్నే. పేర్లు పిలిచి, బీపీ చూసి, మాత్రలు చేతిలో పెట్టేసరికి నా గొంతు ఆరిపోతుంది. నువ్వు సంచి పట్టుకుని నా ఎదురుగా నిలబడి ఏదో అడగబోయావు. నేను కాగితం నీ చేతిలో పెట్టి "అంతా ఇందులో ఉంది" అనేసి, పక్కామె పేరు పిలిచాను. తర్వాత తలుచుకుంటే మనసుకు బాగాలేదు.

అయినా ఆ మాట నిజమే. తమ్ముడికి ఇచ్చిన మందు పేరు లిథియం. మనసు మరీ పొంగిపోకుండా, మరీ కుంగిపోకుండా పట్టి ఉంచుతుంది. కాకపోతే ఒంట్లో కాస్త ఎక్కువైనా ప్రమాదమే. అందుకని ఆ ఒక్క మందుకే విడిగా కాగితం వేయించారు, అదీ తెలుగులో. రెండువైపులా కలిపి ఇరవై రెండు అంశాలు. చూసినవాళ్ళందరూ పద్ధతిగా ఉందని మెచ్చుకున్నారు. నువ్వు ఏడో తరగతి చదివినదానివి కాబట్టి నాకు ఆ దిగులు లేదు. దాంట్లో ఎట్లా ఉంటే అట్లా చెయ్యి.

పోయిన ఏడు వాడు పన్నెండు గొర్రెల్ని దారిన పోయేవాళ్ళకి పంచిపెట్టి, మూడు రోజులు నిద్ర లేకుండా కొండ మీద కేకలేస్తూ తిరిగాడు. అది మళ్ళీ చూసే ఓపిక నాకు లేదు. నీకైతే అసలే లేదు. మందు మాననివ్వకు.

మీ వదిన
రేణుక


ఉదయగిరి,
మార్చి 3

వదినకి నమస్కారం.

నీ జాబు అందింది. మీ తమ్ముడు బాగుండాడు. పొద్దున్నే లేస్తా ఉండాడు, గొర్రెల్ని కొండకి తోలతా ఉండాడు. పోయినవారం మందని ఎంచి "నలభై ఎనిమిది" అన్నాడు. నేను మళ్ళీ ఎంచినాను, నలభై ఎనిమిదే. ఆ పొద్దు నేను ఎంత ఏడ్చినానో నీకు చెప్పలేను. సంతోషంతోనేలే.

కాగితం చదివినాను వదినా. అంతా చదివినాను. బాగా ఉండాది. తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి క్యాలెండరు పక్కన తగిలించినాను.

పథ్యం మాత్రం తప్పనీయడం లేదు. ఆయనకి పచ్చకామెర్లు వచ్చినప్పుడు అత్త ఎట్టా చేసిందో, నేను కూడా అట్టనే చేస్తా ఉండాను. ఆయన విసుక్కుంటాడు. ఒకపూట కంచం నెట్టేసి "మనిషి తినే కూడేనా ఇది" అన్నాడు. "ఇంత పెద్ద మందు ఊరికే పనిచేస్తుందా, నోరు కట్టుకోవాల" అని నేనూ గట్టిగానే అన్నాను. పాపం, తిన్నాడు.

అత్త పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు ఆమె ఉంటే నన్ను మెచ్చుకునేది.

మీ మరదలు
చెంచులక్ష్మి


ఆత్మకూరు,
మార్చి 21

లక్ష్మీ,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. ఈ మధ్య మా దగ్గరికి వచ్చేవాళ్ళు నూటపది దాటుతున్నారు. ఇంటికొచ్చి కాళ్ళు చాపితే మళ్ళీ ముడవబుద్ధి కాదు.

గొర్రెల్ని సరిగ్గా ఎంచాడని రాశావే, ఆ ముక్క రెండుసార్లు చదువుకున్నాను. పథ్యం పట్టుదలగా చేస్తున్నావు, చాలా సంతోషం. అట్లాగే చెయ్యి, వాడి మొహం చూసి జాలిపడి వదిలిపెట్టకు. నీలాగా చూసుకునే మనిషి ఇంటికొకరు ఉంటే మా క్లినిక్ సగం ఖాళీ అవుతుంది.

ఎండలు ముదురుతున్నాయి. నీళ్ళ సంగతి కాగితంలో ఉంది, చూశావు కదా. రక్తపరీక్షకి ఈ నెలాఖరులో తీసుకురావాలి. మరిచిపోవద్దు.

రేణుక


ఉదయగిరి,
ఏప్రిల్ 12

వదినకి,

రక్తపరీక్షకి రాలేకపోయినాము. గొర్రెలు ఈనే కాలం, మందని ఒకరికి అప్పజెప్పి రావడానికి కుదరలేదు. తప్పు నాదే.

ఆయనకి వారం నుంచి చేతులు వణుకుతా ఉండాయి. ముందు కొంచెమే ఉండేది. ఇప్పుడు చెంబెత్తితే నీళ్ళు సగం ఒలికిపోతాయి. విరేచనాలు అవుతా ఉండాయి. నడిస్తే తాగినోడి మాదిరి అటూ ఇటూ పోతా ఉండాడు. మాట కూడా ముద్దముద్దగా వస్తా ఉండాది. తాగలేదు వదినా, నేను పక్కనే ఉండాను గదా.

పక్కింటి చెంచురామయ్య మామ వచ్చి చూసి "మాత్రలు ఆపెయ్యి, వేడి చేసుంటాది" అన్నాడు. ఆపితే జబ్బు తిరగబెడతాదని నువ్వు చెప్పినావని నేను ఆపలేదు. పథ్యంలోనే ఏదో లోపం వచ్చిందేమోనని ఇంకా గట్టిగా చేస్తా ఉండాను. మజ్జిగ కూడా మానిపించినాను.

ఇట్టా వణకడం ఉంటాదా వదినా? కాగితంలో ఉన్నట్టే ఉండాది. అయినా నువ్వు ఒక మాట చెబితే నాకు ధైర్యం.

చెంచులక్ష్మి


ఆత్మకూరు,
ఏప్రిల్ 14

లక్ష్మీ,

నిలబడే రాస్తున్నాను, బయట జనం ఉన్నారు. ఈ మందుకి చేతులు కొంచెం వణకడం మామూలే. విరేచనాలు ఎండకి అయి ఉంటాయి. ఏది మామూలు, ఏది ప్రమాదం అని కాగితం రెండోవైపు పద్నాలుగో అంశంలో విడివిడిగా ఉంది. అది చూసుకుని, ప్రమాదం అన్నదాంట్లో ఉంటే వెంటనే తీసుకురా. అన్నీ రాసిపెట్టినా మళ్ళీ అడిగితే ఎట్లా చెప్పు? మాత్రలు మాత్రం ఎవరి మాటా విని ఆపొద్దు.

రేణుక


ఆత్మకూరు,
మే 9

లక్ష్మీ,

మీరు నెల్లూరు ఆస్పత్రి నుంచి ఇంటికి చేరి పది రోజులైంది. రెండు జాబులు పంపాను. సురేంద్రబాబుని అడిగితే "ఇచ్చినానమ్మా, తీసుకుంది, ఏం మాట్లాడలేదు" అన్నాడు.

వాడు కొండ మీద మంద మధ్యలో పడిపోయాడని చెంచురామయ్య ఫోను చేసినప్పుడు నేను మాత్రల డబ్బాలు సర్దుతున్నాను. అక్కడి నుంచి నెల్లూరు దాకా ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నది ఒకటే. పెద్ద డాక్టరు "రక్తంలో మందు రెండింతలు దాటింది, ఏం పెడుతున్నారమ్మా తిండి?" అని నిన్ను అడిగాడు. నువ్వు తలెత్తి "రెండు నెలలుగా ఒక్క ఉప్పుకల్లు ముట్టనీయలేదు సార్, చప్పిడి కూడే" అన్నావు. మెచ్చుకుంటాడనుకున్నావు. ఆయన నీ వైపే చూశాడు.

ఉప్పు మానేస్తే ఒళ్ళు ఈ మందుని బయటికి పోనివ్వదు లక్ష్మీ. లోపలే పట్టుకుంటుంది. ఎండలో చెమట పోసి, విరేచనాలై, నీళ్ళు కూడా తగ్గితే మందే విషం అవుతుంది. వాడికి జరిగింది అదే. రెండుసార్లు మిషను మీద రక్తం శుద్ధి చేస్తే బతికాడు.

వరండాలో నేను నిన్ను అన్న మాట తప్పే. "కాగితంలో రాసుందే, కళ్ళు లేవా నీకు?" అన్నాను. అందరూ తిరిగి చూశారు. తమ్ముడు మంచం మీద నుంచి విన్నాడు. నువ్వు తల వంచుకున్నావు. భయంలో నోరు జారింది, మనసులో పెట్టుకోకు.

ఒక్క ముక్క రాయి. వాడు ఎట్లా ఉన్నాడో అదైనా రాయి.

రేణుక


ఉదయగిరి,
మే 17

వదినకి,

ఒక్క ముక్క రాయమన్నావు. ఇన్నాళ్ళూ దాచుకున్నది మొత్తం రాస్తా ఉండాను.

నేను ఆ కాగితం చదవలేదు. చదవలేకపోయినాను. నీ జాబు చదువుతాను, పేపరు చదువుతాను, రేషను కార్డు మీద రాసింది చదువుతాను. అది మాత్రం నాకు రాలేదు. అక్షరాలన్నీ తెలిసినయ్యే. కూడబలుక్కుని చివరికి వచ్చేసరికి మొదట ఏముందో పోతాది. ఇప్పుడు గోడ మీద నుంచి తీసి ఎదురుగా పెట్టుకుని రాస్తా ఉండాను, చూడు.

"సదరు ఔషధమును సేవించు కాలమున లవణ వినియోగమునందు ఆకస్మిక న్యూనతను నివారించవలెను." ఇది ఎనిమిదోది.

"విషప్రభావ లక్షణములు: స్థూల కంపనము, అతిసారము, గమన అస్థిరత." ఇది నువ్వు చూడమన్న పద్నాలుగోది.

దీన్ని తీసుకుని హైస్కూలు అయ్యవారు రాజమోహన్ సారు దగ్గరికి పోయినాను. సారు గడగడా చదివినాడు. "అర్థం ఏంది సార్" అంటే ఇంకోసారి చదివినాడు. "డాక్టర్లు రాసిందమ్మా, జాగ్రత్తగా ఉండమని" అని చేతికిచ్చేసినాడు. లవణం అంటే ఉప్పని మాత్రం చెప్పినాడు. మందు కాగితంలో ఉప్పు పేరు రాసినారంటే తినొద్దనే గదా రాసుంటారు? కామెర్లకి మానిపించినారు, బాలింతకి మానిపించినారు, నాటుమందుకి మానిపించినారు. మన ఇళ్ళల్లో మందు పక్కన ఉప్పు మాట వచ్చిందంటే మానమనే వచ్చింది. తినమని ఏ మందుకైనా ఎవరైనా చెప్పినారా వదినా?

మరి చదివినానని ఎందుకు రాసినావంటావు. అత్త ఊరంతా చెప్పుకునేది, మా కోడలు చదువుకునిందని. నువ్వూ అట్టనే రాసినావు, ఏడో తరగతి చదివినదానివి నాకు దిగులు లేదని. ఇంక నేను ఎట్టా చెప్పేది రాలేదని? నాకే చదువు చాలలేదని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆయన సంగతి. నీ మాట విన్నాడు గదా. "కాగితంలో రాసున్నా కావాలనే పెట్టింది" అంటా ఉండాడు. నా చేతి కూడు తినడం లేదు. దొడ్లో మూడు రాళ్ళు పెట్టుకుని సొంతంగా వండుకుంటా ఉండాడు. ఉప్పు పొట్లం కట్టి మొలలో దోపుకుని తిరుగుతా ఉండాడు. నేను దాచేస్తానంట.

నువ్వు మనసులో పెట్టుకోవద్దన్నావు. పెట్టుకున్నాను వదినా. అబద్ధం ఎందుకు.

చెంచులక్ష్మి


ఆత్మకూరు,
మే 20

లక్ష్మీ,

నీ జాబు సంచిలో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను.

ఆ కాగితం రాసింది నేనే.

డాక్టరు గారు ఇంగ్లీషులో ఇస్తే రెండు ఆదివారాలు కూర్చుని తెలుగు చేశాను. మొదట "ఉప్పు మానొద్దు, రోజూ తినేంత తినండి" అనే రాశాను. మా మేనేజరు హరిప్రసాద్ గారు చూసి "ఇదేంటమ్మా, కొట్లో బేరమాడినట్టు ఉంది, ఆస్పత్రి కాగితం ఇట్లా ఉంటుందా" అని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. గొర్రెలు కాసేవాళ్ళ ఇంటి నుంచి వచ్చింది కాబట్టి ఇట్లా రాసిందనుకుంటాడేమో అనిపించింది. నిఘంటువు తెచ్చుకుని ఒక్కో మాటకీ పెద్ద మాట వెతికి పెట్టాను. పెట్టినకొద్దీ మురిసిపోయాను. అచ్చయి వచ్చిన రోజు ఒకటి ఇంటికి తెచ్చి బీరువాలో దాచుకున్నాను కూడా.

ఇంకొకటుంది. నువ్వు పథ్యం చేస్తున్నానని రాసినప్పుడు నేను "చాలా సంతోషం, అట్లాగే చెయ్యి" అని రాశాను. వేళకి పెడుతున్నావని, సారా తాగనివ్వడం లేదని అనుకున్నాను. అసలు ఏమీ అనుకోలేదేమో కూడా, చదివి పక్కన పెట్టానంతే. అమ్మ వాడికి కామెర్లప్పుడు చప్పిడి కూడు పెడుతుంటే పక్కన కూర్చుని చూసినదాన్నే నేను. పథ్యం అంటే ఏమిటో నాకు తెలియదా? నర్సునయ్యాక మరిచిపోయాను. నువ్వు మజ్జిగ కూడా మానిపించానని రాసినప్పుడైనా చెయ్యి ఆగాల్సింది. "కాగితం చూడు" అని రాశాను.

నిన్న క్యూలో ఆ మందు వాడే పది మందిని పట్టుకుని అడిగాను, కాగితం చదివారా అని. పది మందీ చదివామన్నారు. బాగుందన్నారు. "అయితే ఉప్పు తినొచ్చా?" అంటే ఏడుగురు వద్దన్నారు. వాళ్ళలో ఒకాయన రిటైరయిన గుమాస్తా.

నీ చదువుకేం తక్కువ లేదు. నిన్ను అన్న మాటకి క్షమాపణ చెప్పాలంటే నోరు రావడం లేదు, అందుకే రాస్తున్నాను.

ఒక్కటి అడుగుతాను, కాదనకు. ఇదంతా తమ్ముడికి చెప్పొద్దు. వాడు ఈ లోకంలో నమ్మేది నా ఒక్కదాన్ని. ఆ నమ్మకం కూడా పోతే మళ్ళీ డాక్టరు గడప తొక్కడు. మందు మళ్ళీ కొద్దికొద్దిగా మొదలుపెట్టాలని మా డాక్టరు అంటున్నాడు. నీ మీద కోపం నాలుగు రోజుల్లో అదే తగ్గుతుంది.

రేణుక


ఉదయగిరి,
జూన్ 8

వదినకి,

నాలుగు రోజులన్నావు. ఇరవై రోజులు కావస్తా ఉండాది.

ఆయన నిద్రపోవడం లేదు. మాట్లాడితే ఆపడం లేదు. కొండ మీద దుర్గం మొత్తం తనదే అంటా ఉండాడు. మొన్న రోడ్డు మీద లారీ ఆపి డ్రైవరుకి రెండు ఈనిన గొర్రెల్ని ఎక్కించి పంపించినాడు. నేను అడ్డం పోతే "విషం పెట్టినదానివి, నువ్వు మాట్లాడొద్దు" అన్నాడు. ఊర్లో అందరికీ అదే నమ్మకం అయిపోయింది. నీళ్ళ ట్యాంకు దగ్గరికి పోతే మాటలు ఆపేస్తా ఉండారు.

డాక్టరు దగ్గరికి పోదామంటే రాడు. మందు పేరెత్తితే కర్ర ఎత్తతాడు. ఇది మళ్ళీ మొదటికే వచ్చిందని నాకు తెలుసు, నీకూ తెలుసు. జలదంకి నుంచి మా అన్న వచ్చి "ఇంక చాలు, బయలుదేరు" అన్నాడు. నేను పోతే ఈయన్ని చూసేది ఎవరు? మంద ఒక నెలలో ఖాళీ అయిపోతాది, ఆయన ఏ బావిలోనో పడతాడు.

నువ్వు చెప్పొద్దన్నావు కాబట్టి చెప్పలేదు. ఇంకా ఎన్ని రోజులు మొయ్యాలో అది మాత్రం చెప్పు.

చెంచులక్ష్మి


ఆత్మకూరు,
జూన్ 19

లక్ష్మీ,

సెలవు పెట్టి ఆ పాత కాగితాలు వెనక్కి తెచ్చుకుందామని బయలుదేరాను. ఆ మందు వాడేవాళ్ళు మొత్తం ముప్పై ఆరు మంది. క్లినిక్‌కి వచ్చేవాళ్ళకి నోటితో చెప్పాను. రానివాళ్ళ ఇళ్ళకి పోతున్నాను. మేనేజరు గారికి ఇది నచ్చలేదు. అచ్చు వేసినవి అయిపోయాక చూద్దాం అన్నాడు. వినలేదు.

నిన్న కలువాయి పోయాను. బజారులో ఫ్యాన్సీ షాపు, ఇంటామె పేరు పద్మావతమ్మ. వాళ్ళబ్బాయి మురళీకృష్ణకి ముప్పై రెండేళ్ళు. ఏప్రిల్ నుంచి రావడం లేదని పోయాను. గోడ మీద ఫోటోకి దండ ఉంది. మే నెలలో వాంతులు, విరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో పోయాడట. ఎండదెబ్బ అన్నారట.

ఆమె నాకు మంచినీళ్ళు ఇచ్చి, లోపలికి పోయి కాగితం తెచ్చి చూపించింది. మడత కూడా నలగలేదు. "మీరు ఇచ్చిన కాగితం ప్రకారమే చేసినామమ్మా. మూడు నెలలు ఉప్పు చూపించలేదు. వాడు అడిగి అడిగి ఏడ్చేవాడు, అయినా పెట్టలేదు. మా రాత అంతే" అంది. నా చెయ్యి పట్టుకుని, ఇంత దూరం వచ్చినందుకు దండం పెట్టింది.

ఆ కాగితం వల్లే పోయాడా? నాకు తెలియదు. పరీక్ష చేసినవాళ్ళు లేరు. ఎప్పటికీ తెలియదు. నేను ఆమెకి ఏమీ చెప్పలేదు. నీళ్ళు తాగి, కాగితం అడిగి తీసుకుని, బస్సెక్కాను. చెప్పాలా? ఆమెకి నిజం తెలియాలి కదా. ఈ ఒక్క సంగతి నువ్వు చెప్పు, నాకు బుర్ర పనిచేయడం లేదు.

తమ్ముడికి చెప్పొద్దని నిన్ను అడగడం నా పిరికితనం. వాడి నమ్మకం కోసం కాదు, నా గొప్ప కోసం అడిగాను. నిన్ను ఊరి ముందు దోషిని చేసి నేను ఇక్కడ తెల్లచీర కట్టుకుని తిరుగుతున్నాను. ఈ జాబుతో పాటు వాడికి ఒకటి రాశాను. చదివి వినిపించు. ఒక్క మాట కూడా వదలకు.

రేణుక


ఆత్మకూరు,
జూన్ 19

ఒరే మస్తానూ,

అక్కని రాస్తున్నాను. లక్ష్మి చదువుతుంది, నువ్వు విను. కోపం వస్తే ఆపమను. చల్లారాక మళ్ళీ చదివించుకో.

నీకు విషం పెట్టింది లక్ష్మి కాదు. తప్పు నాది.

నీ మందు గురించి ఒక కాగితం ఉంది. అది నేను రాశాను. ఎవరికీ అర్థం కాకుండా రాశాను. లక్ష్మికి అర్థం కాలేదు. అయ్యవారికీ అర్థం కాలేదు. గొప్పగా ఉండాలని అట్లా రాశాను.

లక్ష్మి నీకు పథ్యం పెట్టింది. నువ్వు బాగుపడాలని పెట్టింది. అట్లాగే చెయ్యమని నేను జాబు రాశాను. ఆ జాబు దాని దగ్గర ఉంది, చూపించమను.

ఇప్పుడు కాగితంలో ఏం రాయాలో చెప్తాను.

ఉప్పు మానొద్దు. అందరూ తినేంత తిను. తగ్గించొద్దు, ఎక్కువా చెయ్యొద్దు.

నీళ్ళు బాగా తాగు. ఎండలో మంద వెంట పోతే క్యాను తీసుకుపో.

వాంతులైనా, విరేచనాలైనా, చేతిలో చెంబు నిలవకపోయినా, కాళ్ళు తడబడినా మాత్ర వేసుకోవద్దు. ఆ రోజే ఆస్పత్రికి రా. రేపు అనుకోవద్దు.

వేరే ఏ మాత్రా, నాటుమందూ మమ్మల్ని అడగకుండా మింగొద్దు.

మూడు నెలలకొకసారి రక్తం చూపించుకో.

అంతే. ఇరవై రెండు లేవు.

మందు చెడ్డది కాదురా. నువ్వు ఫిబ్రవరిలో మందని సరిగ్గా ఎంచావే, అది ఆ మందు వల్లే. అది మానితే ఏమవుతుందో ఇప్పుడు నీ ఒంటికే తెలుస్తుంది. నన్ను నమ్మకపోతే నమ్మకు. డాక్టరు మాట విను. నన్ను తిట్టాలంటే క్లినిక్‌కి వచ్చి తిట్టు, అందరి ముందే తిట్టు. నేను దాన్ని అందరి ముందే అన్నాను కదా.

నీ అక్క
రేణుక


ఉదయగిరి,
జూన్ 24

వదినకి,

ఆయనకి చదివినాను. మొదటిసారి సగంలోనే లేచిపోయినాడు. పొద్దు వాలినాక వచ్చి "మళ్ళీ చదువు" అన్నాడు. "తప్పు నాది" అనే కాడ ఆపి, "అక్క రాసిందా, నువ్వు కలిపినావా" అన్నాడు. కాగితం చేతికిచ్చినాను. ఆయనకి అక్షరం రాకపోయినా నీ చేతిరాత గుర్తుపడతాడు. చాలాసేపు చూసినాడు.

చివరిదాకా విని "గొర్రెలకే ఎండాకాలం ఉప్పు నాకిస్తామే, నాకు మానిపించినారే" అన్నాడు. నవ్వినాడు వదినా. నేను నవ్వలేదు. నాకు ఇంకా కోపంగానే ఉండాది, నీ మీదా, ఆయన మీదా. కానీ మరుసటిరోజు మధ్యాహ్నం వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. పెట్టినాను. "ఉప్పు చాలలేదు" అన్నాడు. వేసినాను.

నిద్ర ఇంకా లేదు. మాటలు ఆగలేదు. అయినా డాక్టరు వచ్చే రోజుకి బయలుదేరతానన్నాడు. మాట మార్చకముందే వస్తాము. నువ్వు క్యూలో నిలబెట్టొద్దు, ముందు పిలిపించు. ఇంకోటి, ఈసారి చేతికి ఏ కాగితం ఇచ్చినా నన్ను కూర్చోబెట్టి, నీకేం తెలిసిందో చెప్పమని అడుగు. నేను చెప్పినాకే పంపించు. అందరినీ అట్టనే అడుగు. చదివినామని ఎవరన్నా నమ్మొద్దు. సిగ్గుకి అంటారు.

ఆయనకి రాసిన జాబుని రాజమోహన్ సారుకి చూపించినాను. ఇదేంది ఇంత సులువుగా ఉండాదని ముప్పై ఆరు జిరాక్సులు తీయించి ఇచ్చినాడు. పైనా కిందా మన ఇంటి మాటలున్న భాగాలు మడిచిపెట్టించినాలే. తెస్తా ఉండాను. ఉదయగిరి వైపు ఎవరెవరి ఇళ్ళకి పోవాలో పేర్లు రాసిపెట్టు. వాళ్ళకి నేను చదివి చెప్తాను.

కలువాయి ఆమె సంగతి అడిగినావు. నిజం తెలియాలి గదా అన్నావు. నెల్లూరులో డాక్టరు నా వైపు చూసినాడే, ఆ చూపు నీకు తెలియదు వదినా, నాకు తెలుసు. ఆయన బతికినాడు కాబట్టి నేను తట్టుకున్నాను. ఆమె బిడ్డ బతకలేదు. వాడు ఏడుస్తా అడిగితే పెట్టకుండా మనసు రాయి చేసుకునింది. తన చేత్తో తానే ఏం చేసిందో ఇప్పుడు పోయి చెప్తే, నీ గుండె బరువు తగ్గుతాదేమో గానీ ఆమె మళ్ళీ ముద్ద మింగలేదు. ముప్పై ఐదు ఇళ్ళల్లో చెప్పు. ఆ ఒక్క ఇంట్లో చెప్పొద్దు. ఎప్పటికీ చెప్పొద్దు. ఆమె పెట్టిన దండం నీ దగ్గరే ఉంచుకో.

చెంచులక్ష్మి